చందుర్తి యుద్ధానికి పదాతిదళం: ప్లాస్టిక్ బొమ్మల కూర్పు, ఎర్రకోట్ల రంగు గురించి సలహా కావాలి

కోటవీధి ప్రసాద్ (విజయనగరం)

అందరికీ నమస్కారం. సంక్రాంతి సెలవులకు మా మేనల్లుళ్లు ఇంటికి వస్తారు. ఆ లోపు చందుర్తి యుద్ధాన్ని భోజనాల బల్ల మీద ఆడగలిగేలా సిద్ధం చేయాలని నా పట్టుదల. బొబ్బిలి యుద్ధం మన వైపు చిన్నపిల్లలకు కూడా తెలుసు. అది 1757 జనవరిలో జరిగింది. ఆ తర్వాత రెండేళ్లు నిండకముందే, 1758 డిసెంబర్‌లో, పిఠాపురం దగ్గర చందుర్తిలో ఫ్రెంచివారు ఓడిపోయారు. ఉత్తర సర్కారులు వాళ్ల చేయి జారడం అక్కడే మొదలైంది. ఇంగ్లీషువారిని ఇటు పిలిచింది మన విజయనగరం ఆనంద గజపతిరాజు. ఇంత పెద్ద సంగతి కోట చుట్టూ ఉండే మాకే సరిగ్గా తెలియదు. పిల్లలు పాఠంగా చదివితే మర్చిపోతారు, చేత్తో జరిపి ఆడితే మర్చిపోరని నా నమ్మకం.

నా దగ్గర ఉన్నది బొమ్మసైనికులు తయారుచేసే పెర్రీ వాళ్ల 28 మిల్లీమీటర్ల గట్టి ప్లాస్టిక్ బొమ్మల పెట్టె. అమెరికా స్వాతంత్ర్య యుద్ధకాలపు బ్రిటిష్ పదాతిదళం. చందుర్తికి దాదాపు ఇరవై ఏళ్ల తర్వాతి దుస్తులు అవి. వాటిని 1758కి వాడితే చూసేవారికి తప్పుగా అనిపిస్తుందా? ఇంగ్లీషు పక్షాన ఉన్న బెంగాల్ సిపాయిలకు ఈ బొమ్మలనే మార్చుకోవచ్చా? తుపాకి పట్టుకున్న చేతులు ముందే అతికించాలా, రంగు వేశాక అతికించాలా? అన్నిటికంటే నన్ను ఆపుతున్నది ఎరుపు. పరీక్షగా ఒక బొమ్మకు వేసి చూస్తే నల్ల ప్రైమర్ (అసలు రంగుకు ముందు వేసే అడుగుపూత) మీద ఎరుపు కనిపించడమే లేదు. తెల్ల ప్రైమర్ మీద చారలు చారలుగా వస్తోంది. పైగా ఇప్పుడు శ్రావణమాసం, రోజూ ముసురు. స్ప్రే డబ్బా ప్రైమర్ ఈ వాతావరణంలో వాడవచ్చా?

ఇంకొక మాట. నాకు పోటీలకు పంపే బొమ్మలు అక్కర్లేదు. బల్లకు అటువైపు నిలబడి చూసినప్పుడు ఒక దళం నడిచి వస్తున్నట్టు ఉండాలి, అంతే.

బొబ్బిలి మాస్టారు

ప్రసాద్ బాబూ, నీ ప్రశ్న చూసి చాలా సంతోషం కలిగింది. చందుర్తిని ఎంచుకున్నావంటేనే నీకు ఎరుపు విషయంలో ఇంత పట్టింపు ఎందుకుండాలో చెప్పాలి, ఎందుకంటే ఆ యుద్ధం కోటు రంగు మీదే తిరిగింది.

నాటి ఇంగ్లీషు కథనం ప్రకారం ఇంగ్లీషు సేనాని కర్నల్ ఫోర్డ్ దగ్గర ఉన్నది దాదాపు 470 మంది యూరోపియన్లు, 1900 మంది సిపాయిలు. ఎదురుగా ఫ్రెంచి సేనాని కాన్‌ఫ్లాన్ దగ్గర దాదాపు 500 మంది యూరోపియన్లు, 6000 మంది సిపాయిలు, ఫోర్డ్ దగ్గరున్న వాటికంటే ఎన్నో రెట్లు ఫిరంగులు. ఫోర్డ్ యూరోపియన్ దళం ముందు ఏపుగా పెరిగిన మొక్కజొన్న చేను అడ్డంగా ఉంది. వాళ్లు కనపడలేదు. పక్కన నిలబడ్డ బెంగాల్ సిపాయిలు ఎర్రకోట్లలో ఉన్నారు. మద్రాసు వైపు సిపాయిలు తెల్లబట్టల్లో ఉండేవారు కాబట్టి, ఎరుపు కనిపించగానే ఫ్రెంచివారు వాళ్లే ఇంగ్లీషు దళం అనుకున్నారు. నేరుగా వాళ్ల మీదికి వెళ్లి వరుస చెదరగొట్టి వెంటపడ్డారు. అప్పుడు చేను చాటు నుంచి అసలు యూరోపియన్ దళం బయటికి వచ్చి, పక్క నుంచి కాల్పులు జరిపింది. ఫ్రెంచివారు అక్కడ విరిగిపోయారు. కాబట్టి నీ బల్ల మీద రెండు ఎర్రదళాలు ఉండాలి. దూరం నుంచి చూస్తే రెండూ ఒకేలా కనిపించాలి. దగ్గరికి వస్తేనే తేడా తెలియాలి. అది సాధిస్తే యుద్ధం సగం చెప్పినట్టే.

ఇక దుస్తుల సంగతి. 1768లో బ్రిటిష్ సైన్యపు దుస్తుల నిబంధనలు మారాయి. నీ పెట్టెలోని కోటు ఆ తర్వాతిది. ఒంటికి పట్టినట్టు సన్నగా ఉంటుంది. 1758 నాటి కోటు అంతకంటే వదులు, ముంజేతి మడతలు పెద్దవి. యూరోపియన్లకు ఎపాక్సీ పుట్టీతో ఆ మడతలను కొంచెం లావు చేస్తే చాలు. హార్డ్‌వేర్ దుకాణంలో దొరికే ఎం-సీల్ సరిపోతుంది, కానీ త్వరగా గట్టిపడుతుంది, అందుకే ఒకసారికి రెండు బొమ్మలకు సరిపడా మాత్రమే కలుపు. వేలికి, పరికరానికి నీళ్లు తడి చేసుకుంటూ ఉండు.

సిపాయిలకు మార్పు కాస్త ఎక్కువ, అయినా చేయదగ్గదే. వాళ్లు పొట్టి కోటు, మోకాళ్ల పైదాకా పొట్టి జాంగియా, తలపాగా ధరించేవారు. కాళ్లకు ఆచ్ఛాదన లేదు. యూరోపియన్ బొమ్మ కాళ్లకు గుడ్డ గైటర్లు (కాలి తొడుగులు), వాటి పక్కన బొత్తాలు ఉంటాయి. బొత్తాలను కత్తి వెనక అంచుతో గీకి, సన్నని గరుకు కాగితంతో నున్నగా రుద్దు. కోటు వెనక తోకలను పొట్టిగా కోసేయ్. తొడ మధ్యలో పుట్టీతో సన్నని అంచు చుట్టు, అదే జాంగియా. టోపీ ఉన్న తలను పైభాగం కోసేసి, పుట్టీని సన్నని తాడులా పేనుకుని మూడు చుట్లు తిప్పితే తలపాగా వస్తుంది. పూర్తిగా ఆరకముందు సూదితో మడతల గీతలు పెట్టు. నలభై ఎనిమిది మందికి ఇలా చేయడం ఓపిక పని. కానీ మరెక్కడా దొరకని దళం నీ చేతిలో తయారవుతుంది.

నలభై ఎనిమిది అని ఎందుకన్నానంటే, ఒక బొమ్మ నలభై మందికి గుర్తు అనుకో. సిపాయిలు 48, ఇంగ్లీషు యూరోపియన్లు 12, ఫ్రెంచి యూరోపియన్లు 12 లేక 13. ఫ్రెంచి సిపాయిలు లెక్క ప్రకారం 150 కావాలి. ఈ ఏడాదికి అంత వద్దు. అసలు పోరు యూరోపియన్ దళాల దగ్గర, ఎర్ర సిపాయిల దగ్గర జరిగింది. తెల్లబట్టల ఫ్రెంచి సిపాయిలను ఒక 36 మందితో సరిపెట్టు.

కూర్పు విషయం. స్ప్రూ (భాగాలు అంటుకుని వచ్చే ప్లాస్టిక్ చట్రం) నుంచి భాగాలను వంచి విరవకు, కటింగ్ ప్లయర్‌తో కొద్ది దూరంలో కత్తిరించి, మిగిలిన ముక్కను కత్తితో సరిచెయ్. అచ్చు గీతలను తప్పకుండా గీకాలి. ముఖ్యంగా భుజం మీద, తుపాకి గొట్టం మీద. వాష్ (లోతుల్లోకి పారే పల్చటి ముదురు రంగు) వేసినప్పుడు ఆ గీతలన్నీ నల్లగా తేలతాయి. తర్వాత గోరువెచ్చని సబ్బునీళ్లలో కడిగి ఆరబెట్టు. గట్టి ప్లాస్టిక్‌కు పల్చటి ప్లాస్టిక్ సిమెంట్ వాడాలి, అది రెండు ముక్కల అంచులను కరిగించి ఒకటి చేస్తుంది. ఫెవిక్విక్ లాంటి జిగురు లోహపు బొమ్మలకు, రెసిన్‌కు. మెత్తటి ప్లాస్టిక్‌తో చేసే 1/72 కొలత చిన్న బొమ్మలకు ఈ సిమెంట్ పట్టదు, అది వేరే పదార్థం. నీవి గట్టివి కాబట్టి ఇబ్బంది లేదు.

చేతులు ముందే అతికించు. వరుసలో నిలబడే పదాతికి విడిభాగాలుగా రంగు వేసి తర్వాత కూర్చడం వృథా శ్రమ. ఎద మీద అడ్డంగా తుపాకి పట్టుకున్నవాడి కోటు ముందు భాగం కుంచెకు అందదు, నిజమే. కంటికి కూడా అందదు. అక్కడ ముదురు రంగు ఉంటే నీడ అనుకుంటారు. ఫిరంగుల దగ్గర నిలబడేవాళ్లకు, గుర్రం మీద అధికారికి మాత్రం విడిగా వెయ్.

అతికించే ముందు ఒక్క పని చెయ్. పన్నెండు మందినీ జిగురు లేకుండా వరుసలో నిలబెట్టి చూడు. పక్కవాడి బాయొనెట్ చెవిలో గుచ్చుకుంటోందా, వెనకవాడి మోచేయి తగులుతోందా, అది అప్పుడే తెలుస్తుంది. చేయి కోణం మార్చుకోవాల్సింది ఆ క్షణంలోనే.

ఇక ఎరుపు. ఎరుపు రంగుద్రవ్యం పల్చనిది, కిందిది కనపడనిస్తుంది. అందుకే నలుపు మీద చస్తుంది, తెలుపు మీద చారలు చూపిస్తుంది. మధ్యలో ఒక పొర కావాలి. ముదురు గోధుమరంగులో కొద్దిగా ఎరుపు కలిపి కోటంతా నింపు. ఆరాక అసలు ఎరుపును రెండు పల్చటి పూతలుగా వెయ్, మడతల లోతుల్లో మాత్రం గోధుమఎరుపు వదిలెయ్. చివర్న భుజాల పైన, మోచేతి మీద, మడత అంచుల మీద నారింజ కలిపిన ఎరుపు. తెలుపు కలిపితే గులాబీ అవుతుంది, ఆ పని చేయకు. సిపాయిలకు, యూరోపియన్లకు ఇదే పద్ధతి, ఇదే సీసా. కాన్‌ఫ్లాన్ కళ్లను మోసం చేసిన ఎరుపు రెండు రకాలు కాకూడదు.

టెక్కలి పద్మజ

మాస్టారు చెప్పిన దాంట్లో అన్నీ ఒప్పుకుంటాను, ఒక్కటి తప్ప. ఆ గోధుమఎరుపు పొర వేసే బదులు ప్రైమరే ఆ రంగుది తీసుకోవచ్చు. మా ఇంట్లో ఎర్రకోట్లకు నేను ఇటుకరంగు ప్రైమర్ కుంచెతో వేస్తాను. ఒక పూత మిగులుతుంది. నలభై ఎనిమిది బొమ్మలకు ఒక పూత మిగలడం అంటే చిన్న సంగతి కాదు.

ప్రసాద్‌గారూ, స్ప్రే డబ్బా గురించి. ముసురు పట్టిన రోజున వద్దు. ద్రావకం ఆవిరైపోతున్నప్పుడు ఆ ఉపరితలం చల్లబడుతుంది, గాలిలోని తేమ దాని మీద చేరి రంగు తెల్లబారుతుంది. దూరం నుంచి కొడితే రంగు గాలిలోనే సగం ఆరి గరుకుగా పడుతుంది. మన తీరం వెంబడి భాద్రపదం దాకా ఈ ఇబ్బంది తప్పదు. ఇప్పుడు కుంచె ప్రైమర్ వాడండి. పల్చగా రెండు పూతలు, మధ్యలో పూర్తిగా ఆరనివ్వాలి. డబ్బానే వాడాలనుకుంటే ఎండ కాసిన రోజు మధ్యాహ్నం, ఒక జానెడు దూరం నుంచి, ఆగకుండా చేయి కదుపుతూ కొట్టండి. చివర్లో వేసే మెరుపులేని మ్యాట్ వార్నిష్ విషయంలో ఇంకా జాగ్రత్త. ప్రైమర్ చెడితే మళ్లీ వేసుకోవచ్చు. పూర్తయిన దళం మీద వార్నిష్ మంచులా తెల్లబారితే గుండె ఆగిపోతుంది. దాన్ని కార్తీకం తర్వాతే వేయండి, లేదా అది కూడా కుంచెతోనే.

మాస్టారు చర్మం గురించి చెప్పలేదు. సిపాయిల్లో అదే ఎక్కువ కనిపిస్తుంది, కాళ్లు మొత్తం చర్మమే కదా. సీసాల మీద చర్మం అని రాసి అమ్మే రంగులు చాలావరకు యూరోపియన్ల కోసం చేసినవి. వాటిని ముదురు చేస్తూ పోతే బొమ్మ బూడిదరంగుకు తిరుగుతుంది. ముదురు గోధుమతో మొదలుపెట్టి, దానికి పసుపుమట్టి రంగు చేర్చుతూ వెలుగులు తేవాలి. నుదురు, ముక్కు, చెంపలు, మోకాలి చిప్ప, పిక్క. తెలుపు వద్దు. అందరికీ ఒకే మిశ్రమం కూడా వద్దు. మన బస్సులో ఎక్కినవాళ్లను చూడండి, ఎన్ని ఛాయలు! నేను మూడు గిన్నెల్లో మూడు మిశ్రమాలు పెట్టుకుని, వరుసలో ఒకరు విడిచి ఒకరికి వేస్తాను. అదొక్కటే దళాన్ని మనుషులుగా చేస్తుంది. కళ్లు వేయకండి. కనుబొమల కింద ముదురు వాష్ నిలిస్తే చాలు.

అడ్డపట్టీలకు నేరుగా తెలుపు వద్దు. ముందు బూడిదగోధుమ రంగుతో పట్టీ గీయండి, దాని మీద కొంచెం సన్నగా మీగడ తెలుపు. అంచుల్లో మిగిలిన ముదురు గీత ఎరుపును, తెలుపును విడదీస్తుంది. ఫ్రెంచి పక్షపు తెల్లబట్టల సిపాయిలకు కూడా ఇదే, నేత బట్ట లేత గోధుమ నుంచి మొదలై మీగడ దగ్గర ఆగాలి. పాలతెలుపు ఎక్కడా వద్దు.

పని క్రమం: ఎనిమిదేసి బొమ్మలను ఐస్‌క్రీం పుల్లకు నలుగురు చొప్పున అతికించుకుని, లోపలి నుంచి బయటికి రండి. చర్మం, కోటు, జాంగియా, పట్టీలు, తుపాకి కర్ర, చివరికి లోహం. ఒక రంగు ఎనిమిది మందికీ పూర్తయ్యాకే ఇంకో సీసా తెరవండి.

పొందూరు రమణ

జెండాల మాట ఎవరూ ఎత్తలేదు. మా పొందూరు ఖాదీ ఎంత సన్నగా ఉంటుందో అందరికీ తెలుసు, వాలుగ చేప దవడతో పత్తిని శుభ్రం చేసి తీసే నూలు అది. చిన్న ముక్క కత్తిరించి జెండాకు వాడితే మన ప్రాంతం గుర్తు కూడా ఉంటుందని నా ఆలోచన. ఎలా ఉంటుంది?

టెక్కలి పద్మజ

రమణగారూ, ఆలోచన మనసుకు నచ్చింది, కానీ చేయవద్దు. 28 మిల్లీమీటర్ల మనిషి పక్కన ఎంత సన్నని నేత అయినా గోనెపట్టాలా కనిపిస్తుంది. గాలికి మడతలూ పడవు. పల్చటి కాగితం మీద ముద్రించి, రెండు వైపులా నీళ్లు కలిపిన ఫెవికాల్ రాసి, తడిగా ఉన్నప్పుడే వేళ్లతో అలలు పెట్టండి. అంచుల తెల్ల కాగితం కనపడకుండా జెండా రంగే పూయాలి. ఖాదీని డేరాలకు వాడండి. అధికారి గుడారానికి అది అద్భుతంగా ఉంటుంది, అక్కడ నేత కనిపించినా పరవాలేదు.

కోటవీధి ప్రసాద్

మాస్టారూ, పద్మజగారూ, రమణగారూ, చేతులెత్తి నమస్కారం. ఇటుకరంగు ప్రైమర్‌తో మూడు బొమ్మలు మొదలుపెట్టాను. చారలు పోయాయి. నారింజ అంచులు వేయగానే కోటు బల్ల అవతలి నుంచి కూడా మెరుస్తోంది.

ఇప్పుడు అసలు అడగాలనుకున్నది అడుగుతాను. ఆనంద గజపతిరాజు సేన సంగతి ఏమిటి? వాళ్లను ఏ రంగుల్లో వేయాలి? ఇంగ్లీషు కథనాలు చదివితే వాళ్లు పోరులో పెద్దగా పాలుపంచుకోలేదన్నట్టు ఉంటుంది. అయినా మన ఊరి సేన లేకుండా ఈ బల్ల వేయడం నాకు ఇష్టం లేదు.

బొబ్బిలి మాస్టారు

ఇష్టం లేకపోవడమే న్యాయం బాబూ. వాళ్లను తప్పకుండా పెట్టు. ఆ కథనాలు రాసినవారు గెలుపును తమ ఖాతాలో వేసుకోవాలనుకునేవారు, దాన్ని గుర్తుంచుకుని చదవాలి. ఫోర్డ్ విశాఖపట్నంలో దిగి, కశింకోట దగ్గర రాజుగారి సేనతో కలిశాకే ముందుకు కదిలాడు. ఊళ్లు తెలిసినవాళ్లు, దారులు తెలిసినవాళ్లు ఎవరు? అయితే ఆటలో వాళ్లకు ఫ్రెంచి యూరోపియన్ దళానికి ఎదురు నిలిచే బలం ఇవ్వకు. అలా చేస్తే అభిమానం అవుతుంది కానీ చందుర్తి అవదు.

అదే కథనం వాళ్లను దాదాపు 5000 మంది కాలిబంట్లు, 500 గుర్రాలు అంటుంది. కొందరి దగ్గర పాతరకం తుపాకులు, మిగిలినవారి దగ్గర బల్లేలు, విల్లమ్ములు. ఏకరూప దుస్తులు లేవు. ఇదే నీకు దొరికిన అదృష్టం. ఎర్రకోట్ల క్రమశిక్షణ పక్కన వీళ్లు ఎవరికి వారే. పంచెలు, నడికట్లు, ఒంటి మీద బట్ట లేని ఛాతీలు. నీలిమందు నీలం, మంజిష్ఠ ఎరుపు, పసుపు, ఉతికి వెలిసిన తెలుపు, ఇవి ఆనాటి అద్దకాలు. కొత్తగా మెరిసే ఆకుపచ్చ, ఊదా వేయకు. ఒక్క నియమం పాటించు, వీళ్లలో ఎవరికీ కోటు ఎరుపు అంత మంట ఎరుపు ఉండకూడదు. మంజిష్ఠ ఎరుపులో గోధుమ కలిపి మసకబార్చు. లేకపోతే కన్ను అటు లాగుతుంది, ఫ్రెంచివారు మోసపోయిన కథ నీ బల్ల మీద పాడవుతుంది.

బల్లేలకు ప్లాస్టిక్ వద్దు, వంగి విరుగుతాయి. ఉక్కు తీగ ముక్క తీసుకుని కొనను సుత్తితో చదును చేసి ఆకురాయితో కోసుగా రుద్దు. అరచేతిలో సన్నని డ్రిల్ బిట్‌తో రంధ్రం చేసి గుచ్చితే పిల్లలు పట్టుకున్నా ఊడదు. వాళ్లకు మరీ పదునుగా ఉంచకు.

బేసుల (బొమ్మలను అతికించి నిలబెట్టే పలకల) గురించి కూడా చెప్పాలి. మూడు మిల్లీమీటర్ల ఎండీఎఫ్ చెక్కపొడి పలకను వడ్రంగి దుకాణంలో 40 మిల్లీమీటర్ల చదరాలుగా కోయించు, ఒక్కో దాని మీద నలుగురు. మన ఎర్రమట్టి పోయవద్దు. ఎర్రకోటు ఎర్రనేల మీద కలిసిపోతుంది. నాగావళి ఇసుకను జల్లించి, కడిగి, ఎండబెట్టి ఫెవికాల్ మీద చల్లు. ఆరాక లేత గడ్డిరంగు పూత. సముద్రపు ఇసుక అయితే ఉప్పు పోయేదాకా కడగాలి. ఇంకో సంగతి, ఎవరైనా భీమిలి ఎర్రమట్టి దిబ్బల నుంచి మట్టి తెద్దామంటే వద్దని గట్టిగా చెప్పు. అది కాపాడుకోవాల్సిన భౌగోళిక వారసత్వ ప్రదేశం, గుప్పెడు కూడా తేకూడదు. మా గొల్లపల్లిలో వీణలు చేసేవారి దగ్గర పనస పొట్టు దొరుకుతుంది. జల్లెడపట్టి అక్కడక్కడ చల్లితే ఎండిన గడ్డిలా చక్కగా ఉంటుంది. నీకు కావాలంటే ఒక పొట్లం పంపిస్తాను.

మొక్కజొన్న చేనుకు గుమ్మం ముందు వేసే కొబ్బరి పీచు పట్టా కొను. రెండు వేళ్ల వెడల్పు పట్టీలుగా కోసి, బొమ్మ తలకంటే ఎత్తుగా ఉండేలా చూసి, కింద ఆకుపచ్చ, పైన ఎండుటాకు రంగు తేలికగా కుంచెతో అద్దు. డిసెంబర్ పంట కదా, మరీ పచ్చగా వద్దు.

కోటవీధి ప్రసాద్

పనస పొట్టు తప్పకుండా పంపండి మాస్టారూ. ఒక్క సందేహం మిగిలింది. చేను వెనక ఇంగ్లీషు దళాన్ని పెడితే ఫ్రెంచి వైపు కూర్చున్న పిల్లవాడికి పై నుంచి కనిపించేస్తుంది కదా. మరి ఆశ్చర్యం ఎలా?

టెక్కలి పద్మజ

బొమ్మలను బల్ల మీద పెట్టవద్దు ప్రసాద్‌గారూ. మూడు అట్టముక్కలు తీసుకోండి. ఒకదాని అడుగున యూరోపియన్ దళం అని, రెండింటి అడుగున ఖాళీ అని రాసి, ఒకటి చేను వెనక, మిగిలినవి చెరో పక్కన బోర్లించండి. ఎక్కడ ఏది ఉందో ఇంగ్లీషు వైపు ఆడేవాడికే తెలుస్తుంది. ఫ్రెంచి దళం చేనుకు ఒక అడుగు దూరంలోకి వచ్చినప్పుడు, లేదా ఇంగ్లీషు వైపు వాడు కాల్చాలనుకున్నప్పుడు అట్ట తిప్పి బొమ్మలు పెట్టాలి. పెద్ద మేనల్లుడికి ఫ్రెంచి పక్షం ఇవ్వండి, చందుర్తి కథ మాత్రం ఆట అయ్యేదాకా చెప్పకండి.

బొబ్బిలి మాస్టారు

పద్మజ చెప్పిన పద్ధతి బాగుంది. ఒక్కటి కలుపు. ఎర్ర సిపాయిల దళాన్ని యూరోపియన్ దళం ఉండాల్సిన చోట, దానిలాగే రెండు వరుసల్లో నిలబెట్టు. పొట్లం రేపు బస్సులో వేస్తాను, కాంప్లెక్స్ దగ్గర తీసుకో.